మే నెల కోసం కట్టిన సముద్రం

(హనుమకొండలో అక్వేరియం పెంచేవాళ్లు కలుసుకున్న ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది. మధ్యలో సభికులు అడిగిన మాటలు కూడా ఉన్నాయి.)

నమస్తే అందరికీ. ఇందాక నన్ను రీఫ్ ట్యాంకు (కోరల్స్, అంటే పగడాలు పెంచే ఉప్పు నీళ్ల అక్వేరియం) నిపుణుడని పరిచయం చేశారు. మా ఇంటామె ఇక్కడ ఉంటే గట్టిగా నవ్వేది. నేను మోటార్ వైండింగ్ చేసేవాణ్ణి. ములుగు రోడ్డులో చిన్న షాపు. బావి మోటార్లు, బోరు మోటార్లు కాలిపోతే రైతులు ఆటోలో వేసుకొస్తారు. కాయిల్ విప్పి, మళ్లీ చుట్టి, వార్నిష్ పట్టించి ఇస్తాను. ఇరవై ఆరేళ్లుగా అదే పని. కాబట్టి ఈరోజు నా మాటల్లో చేపలు తక్కువ, మోటార్లు ఎక్కువ వినిపిస్తే ఏమనుకోకండి.

మన ఊరి నుంచి సముద్రం ఎంత దూరం? మచిలీపట్నం వైపు పటం మీద గీత గీసినా 250 కిలోమీటర్లు. రోడ్డు మీద ఇంకా ఎక్కువ. ఉప్పు నీళ్లు మన దగ్గర పుట్టవు. ఎండాకాలం 44 డిగ్రీలు పుడతాయి. కోరల్స్‌కు కావలసింది 24 నుంచి 27 డిగ్రీలు. అంటే ఈ ఊళ్లో రీఫ్ ట్యాంకు పెట్టడమంటే ఊరితో పేచీ పెట్టుకోవడమే. ఆ పేచీలో నేను ఒకసారి చిత్తుగా ఓడిపోయాను. ముందు అది చెప్తాను, తర్వాత కొత్త ట్యాంకు ఎలా కట్టానో చెప్తాను.

నా మొదటి ట్యాంకు రెండున్నర అడుగుల పొడవు. 130 లీటర్ల నీళ్లు పట్టేది. జత క్లౌన్ చేపలు, ఒక నీలం డామ్సెల్ చేప, లెదర్ కోరల్ ఒకటి, కొన్ని మష్రూం కోరల్స్. రెండేళ్లు బాగానే నడిచింది. నాలుగేళ్ల కిందట మే నెలలో జగిత్యాలలో మేనత్త కొడుకు పెళ్లికి ఇంటిల్లిపాదీ పోయాం. ఆ రాత్రి ఇక్కడ గాలిదుమారం లేచింది. వాన పడలేదు, ఒట్టి దుమ్ము. మా వాడలో వేపచెట్టు తీగల మీద పడింది. రాత్రి 9 గంటలకు పోయిన కరెంటు తెల్లారి 6కు వచ్చిందట. నేను ఇంటికొచ్చి తలుపు తీయగానే వాసన. లెదర్ కోరల్ జిగురులా కరిగిపోయింది. క్లౌన్ చేపలు రెండూ పైన తేలుతున్నాయి. థర్మామీటరులో 33. డామ్సెల్ ఒకటి, నాలుగు మష్రూంలు మిగిలాయి. ఆ డామ్సెల్ ఇప్పటికీ ఉంది, అందరినీ కరుస్తుంది.

ఎందుకు చచ్చాయో తర్వాత లెక్క వేసుకున్నాను. ఉప్పు నీళ్లు మంచినీళ్లకన్నా దాదాపు ఐదో వంతు తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. పైగా వేడికి చేపల ఊపిరి వేగం పెరుగుతుంది, అంటే వాటికి కావలసింది ఎక్కువ. రాత్రిపూట కోరల్స్, పాచి కూడా ఆక్సిజన్ ఇవ్వవు, తీసుకుంటాయి. పంపు ఆగితే నీళ్ల పైభాగం కదలదు, గాలి లోపలికి దిగదు. తొమ్మిది గంటల్లో ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

నేను చేసిన తప్పేమిటంటే ట్యాంకును జనవరిలో కట్టాను, జనవరికి సరిపోయేటట్టు కట్టాను. రైతులు కూడా ఇదే చేస్తారు. బావి నిండుగా ఉన్న రోజుల్లో చూసి మోటారు బిగిస్తారు. ఏప్రిల్‌లో నీళ్లు అందక అది ఒట్టిగా తిరిగి కాలిపోతుంది, నా దగ్గరికొస్తుంది. వాళ్లకు రోజూ చెప్పే మాట నాకు నేను చెప్పుకోలేదు. కొత్త ట్యాంకుకు కాగితం మీద మొదట రాసుకున్నది చేపల పేర్లు కాదు. 'మే నెల, రాత్రి, కరెంటు లేదు, ఇంట్లో ఎవరూ లేరు' అని రాసుకున్నాను. ఈ నాలుగూ కలిసొచ్చిన రోజు కూడా ట్యాంకు బతకాలి.

ఇక కొలతలు. పొడవు 4 అడుగులు, వెడల్పు 2 అడుగులు, ఎత్తు 20 అంగుళాలు. గాజు 12 మిల్లీమీటర్లు. షాపువాళ్లు రెండడుగుల ఎత్తు చేయించమంటారు, చూడ్డానికి బాగుంటుందని. నేను వద్దన్నాను. నా చెయ్యి సంకదాకా ముంచినా అడుగు అందాలి. అందకపోతే అక్కడ చెత్త పేరుకుంటుంది, మనం ఊరుకుంటాం. వెడల్పు మాత్రం ఎంత పెంచినా మంచిదే. నీళ్ల పైభాగం ఎంత ఎక్కువైతే గాలి అంత దిగుతుంది.

ఈ కొలతకు నీళ్లు సుమారు 380 లీటర్లు. గాజు, రాయి, ఇసుక, కింద వడపోత సామాను పెట్టే తొట్టి, అంటే సంప్, అన్నీ కలిపితే ఆరు క్వింటాళ్లు దాటుతుంది. ఎనుమాముల మార్కెట్‌కు పోయేవాళ్లకు ఆరు క్వింటాళ్లంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అది హాల్లో ఒక మూలన కదలకుండా ఏళ్ల తరబడి ఉంటుంది. పైఅంతస్తులో అయితే ఇంజినీరును అడగకుండా పెట్టకండి. మాది కింది ఇల్లు. ఇనుప స్టాండు చేయిస్తే ఉప్పు తడికి రెండేళ్లలో పొరలు పొరలుగా లేస్తుంది, మొదటి ట్యాంకుకు చూశాను. ఈసారి ఇటుక గోడలు రెండు కట్టించి, మీద గ్రానైటు బండ వేయించాను. కరీంనగర్ రాయి మనకు పక్కనే దొరుకుతుంది కదా. బండకూ గాజుకూ మధ్య థర్మకోల్ షీటు వేశాను.

(సభలోంచి: సంప్ తప్పనిసరా అన్నా?)

తప్పనిసరి అనను. కానీ పెడితే ఎలా పెట్టాలో చెప్తాను, ఎందుకంటే నేను దాంట్లోనే మొదట మునిగాను. మన చెరువులను చూడండి. కాకతీయులు కట్టినవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మత్తడి దుంకుతుంది, ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. రీఫ్ ట్యాంకు కూడా అంతే. పైన ట్యాంకు, వెనక అద్దానికి ఒక మత్తడి, దాని మీంచి దుమికిన నీళ్లు పైపుల్లోంచి కింది సంప్‌కు. తేడా ఏమిటంటే మన దగ్గర కింది చెరువు నీళ్లను మోటారు మళ్లీ పైకి ఎక్కిస్తుంది.

మత్తడి ఉన్న చెరువులో నీటిమట్టం ఒకేచోట నిలబడుతుంది. ట్యాంకులోనూ అంతే. ఆవిరి వల్ల తగ్గేదంతా సంప్‌లో తగ్గుతుంది, పైన తగ్గదు. పైనున్న జిడ్డు పొర కూడా మత్తడి మీదుగా జారిపోతుంది. హీటరు, నురగతో మురికి లాగే స్కిమ్మర్ లాంటి వికారమైన సామాను సంప్‌లో దాక్కుంటుంది. ఈ మత్తడిని ఎంత పొడవు పెడితే అంత మంచిది. నాది వెనక వైపు దాదాపు మొత్తం పొడవుకూ ఉంది.

మత్తడి నుంచి కిందికి పైపులు మూడు పెట్టాలి. ఒకటి నిండుగా నీళ్లతో సైఫన్ లాగా పోతుంది, దానికి వాల్వు. రెండోది కొంచెం నీళ్లతో, గాలితో. మూడోది ఒట్టిగా ఉంటుంది. మొదటిదాంట్లో నత్త ఇరుక్కున్నా, పాచి అడ్డం పడ్డా మూడోది కాపాడుతుంది. చాలామంది మూడోది దండగ అంటారు. చెరువుకు కూడా మత్తడి ఏడాదిలో నాలుగు రోజులే పనిచేస్తుంది మరి.

నేను మునిగింది ఎక్కడంటే రిటర్న్ పైపు దగ్గర, అంటే సంప్ నీళ్లను మళ్లీ పైకి తెచ్చే పైపు. కొత్త ట్యాంకులో నీళ్లు నింపిన మూడో రోజు కరెంటు పోయింది. పంపు ఆగింది. పైపు మూతి పైన నీళ్లల్లో నాలుగు అంగుళాలు మునిగి ఉంది. ఇంకేముంది, సైఫన్ వెనక్కి తిరిగింది. పై ట్యాంకు నీళ్లన్నీ ఆ మూతి మట్టం దాకా సంప్‌లోకి దిగాయి. 8 చదరపు అడుగుల వైశాల్యం, మత్తడి కింద ఒక మూడంగుళాలు దిగింది అనుకోండి. లెక్క వేస్తే 55 లీటర్లకు పైనే. సంప్‌లో అంత చోటు లేదు. మా అత్తమ్మ హాల్లో చాప మీద పడుకుంది. "ఇంట్లోకి సముద్రం తెస్తానంటివి, తెచ్చినవ్ బిడ్డా" అంది లేచి. (నవ్వులు)

మోటార్లతో బతికేవాడికి ఈ సంగతి ముందే తట్టాలి. తట్టలేదు. ఇప్పుడు రిటర్న్ మూతి నీటిమట్టానికి అర అంగుళం కింద ఉంది. ఆ పైన చిన్న రంధ్రం వేశాను, గాలి దూరి సైఫన్ తెగుతుంది. ఆ రంధ్రానికి పాచి పడుతుంది, నెలకోసారి టూత్‌పిక్‌తో పొడవాలి. నాన్ రిటర్న్ వాల్వును నమ్మకండి, ఉప్పు పట్టి సరిగ్గా మూసుకోదు. సంప్ కట్టేటప్పుడు మీరు మొదట చేయాల్సిన పరీక్ష ఇదే. నీళ్లు నింపండి, పంపు నడపండి, స్విచ్ ఆపండి. ఎంత దిగిందో చూసి సంప్ మీద స్కెచ్ పెన్‌తో గీత గీయండి. నడిచేటప్పుడు నీళ్లు ఆ గీత దాటకూడదు.

ఇప్పుడు రాయి సంగతి. దీంట్లో చట్టం కూడా ఉంది, జాగ్రత్తగా వినండి. రీఫ్ ట్యాంకులో వడపోత చేసేది అసలు రాయే. చేపలు వదిలేదాంట్లోంచి, మిగిలిన తిండి కుళ్లితే వచ్చేది అమోనియా. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. రాయి లోపల గాలి ఆడని చోట ఉండే బాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ చేసి గాల్లోకి వదిలేస్తుంది. అందుకే రాయి గుల్లగా ఉండాలి. మన రామప్ప గుడి గోపురం ఇటుకను నీళ్లల్లో వేస్తే తేలుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా. లోపలంతా చిన్న చిన్న గాలి గదులు. మనకు కావలసింది అలాంటి రాయే, కాకపోతే మునగాలి.

విదేశాల్లో దీనికి సముద్రం నుంచి తీసిన రాయి వాడేవాళ్లు. 1961లోనే జకార్తాలో ఉండే లీ చిన్ ఎంగ్ అనే ఆయన జీవమున్న రాళ్లు, మెల్లగా వచ్చే గాలి బుడగలు, ఇంతే పెట్టి కోరల్స్ పెంచి, ఆ పద్ధతిని ఒక అమెరికా పత్రికలో రాశాడు. ఆ మనిషికి సముద్రం ఇంటి ముందే. మనకు ఆ దారి లేదు, ఉండకూడదు కూడా. మన దేశంలో పగడపు దిబ్బలు ఉన్నవే కొన్ని చోట్ల: మన్నార్ సింధుశాఖ, పాక్ బే, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. దిబ్బ కట్టే గట్టి పగడాలు, సీ ఫ్యాన్లు, నల్ల పగడాలు, సముద్రపు గుర్రాలు, వీటన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూల్ అది. నాకు ఒక అమ్మకందారు ఫోన్లో ఫోటోలు పంపి, "అన్నా, కొమ్ముల కోరల్, నిన్ననే తీసింది, బస్సులో పంపిస్తా" అన్నాడు. కొనబోయాను, అబద్ధమెందుకు. మా అమ్మాయి బీఎస్సీ చదువుతోంది, తనే ఆపింది. పులిపిల్లను ఆటోలో తెచ్చుకుంటావా నాన్నా అంది. నేను పెంచేవి ఆ జాబితాలో లేని మెత్తటి రకాలే: లెదర్, మష్రూం, జోయాంథస్, జీనియా. అవీ ఇంకొకరి ట్యాంకులో పెరిగిన ముక్కలే. మీరూ కొనేముందు జాబితా చూసుకోండి.

కాబట్టి రాయి నేనే చేసుకున్నాను. తెల్ల సిమెంటు ఒక పాలు, గుల్లల నలుసు రెండు పాళ్లు, దొడ్డుప్పు రెండు పాళ్లు. నీళ్లు తక్కువ పోసి, ముద్దలు చేసి, తడి ఇసుక గుంటల్లో పోశాను. గట్టిపడ్డాక నీళ్లల్లో వేస్తే ఉప్పు కరిగిపోయి, అది ఉన్న చోటల్లా గుంత మిగులుతుంది. గుల్ల రాయి తయారు. కానీ ఆత్రపడి దాన్ని ట్యాంకులో పెట్టొద్దు. సిమెంటులోంచి సున్నం వస్తూనే ఉంటుంది, పీహెచ్ 10, 11 దాకా పోతుంది. డాబా మీద డ్రమ్ములో వేసి నీళ్లు మారుస్తూ రెండు నెలలు నానబెట్టాను. మా ఇంటామె నెల దాటాక ఇవేం ముద్దలు, ఎవరికి పిండం పెడుతున్నావు అని అడిగింది. పీహెచ్ కాగితం మామూలు రంగుకొచ్చాకే లోపల పెట్టాను. తర్వాత పాత ట్యాంకు రాయి నాలుగు ముక్కలు వాటి మధ్య పెడితే బాక్టీరియా పాకింది. అంతా కుదురుకోవడానికి ఆరు వారాలు పట్టింది. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించే దాకా చేపను వేయలేదు.

నీళ్ల గురించి. మా బోరు నీళ్లకు టీడీఎస్ మీటరు 780 చూపించింది. అందులో ఏముందో మీటరు చెప్పదు. వీధిలో అమ్మే 20 లీటర్ల క్యాను నీళ్లు తాగడానికి సరే, ట్యాంకుకు కాదు. మనకు ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి ఉండాలి, మీటరు సున్నా చూపించాలి. ఆర్‌ఓ వదిలేసే నీళ్లు అది ఇచ్చే మంచినీళ్లకు మూడింతలు ఉంటాయి. మేం వాటిని బాత్రూముకు, వాకిట్లోకి వాడతాం. ఉప్పు విషయానికొస్తే లీటరుకు 35 గ్రాములు. నా సిస్టం మొత్తం 420 లీటర్లు, మొదటిసారి 15 కిలోల ఉప్పు పట్టింది. అది సముద్రపు నీళ్ల కోసం తయారుచేసే ఉప్పు. వంటింటి ఉప్పు కాదు, రాళ్ల ఉప్పూ కాదు. అందులో సోడియం క్లోరైడ్ తప్ప కావలసినంత కాల్షియం, మెగ్నీషియం ఉండవు. ఉప్పు ఎంతుందో కొలిచే రిఫ్రాక్టోమీటరును ఒట్టి నీళ్లతో సరిచూసి ఊరుకోకండి. 35 చూపించాల్సిన ద్రావణంతో సరిచూడండి. నాది ఏడాదిపాటు రెండు పాయింట్లు తప్పు చూపించింది.

ఇప్పుడు నాకు ఇష్టమైన విషయం, వేడి. పాత ట్యాంకు పోయాక అందరూ చిల్లర్ కొనమన్నారు. చిల్లర్ అంటే చిన్న ఫ్రిజ్. నీళ్ల వేడి తీసి గదిలోకి వదులుతుంది. తలుపులు మూసిన గదిలో పెడితే గది వేడెక్కి, మళ్లీ నీళ్లు వేడెక్కి, అది ఆగకుండా తిరుగుతుంది. ఒక తెలిసినాయన ఇంట్లో నేను చూసింది అదే. సంప్ క్యాబినెట్ లోపల పెట్టి తలుపు వేశాడు!

మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన చిల్లర్ ఒకటుంది. రంజన్. మట్టి రంజన్‌లో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? చెమర్చి ఆవిరవుతాయి కాబట్టి. ట్యాంకు మీద చిన్న డీసీ ఫ్యాన్లు రెండు పెట్టి గాలి నీళ్ల మీదికి కొడితే అదే జరుగుతుంది. మా అమ్మాయి లెక్క వేసి చూపించింది. ఒక లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోవాలి. 420 లీటర్ల ఉప్పు నీళ్లను ఒక డిగ్రీ దించడానికి దాదాపు 1,700 చాలు. అంటే ఒక్క లీటరు ఆవిరైతే డిగ్రీకి పైనే దిగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడి, ఫ్యాన్లు దంచి కొడతాయి. రోజుకు ఆరేడు లీటర్లు పోతాయి. బయట 43 ఉన్నప్పుడు నా ట్యాంకు 28 దాటలేదు. గది కిటికీలకు తడి వట్టివేళ్ల తడక కూడా ఉందనుకోండి.

మోసం చేసేది జులై. బయట 32 డిగ్రీలే ఉంటుంది, కానీ గాలిలో తేమ. కూలర్ ఎలా పనిచేయదో ఫ్యాన్లు కూడా అలాగే పనిచేయవు. మొదటి ఏడాది మే దాటాం కదా అని నిమ్మళంగా ఉంటే జులైలో 30 అయింది. అప్పుడు సెకండ్‌హ్యాండ్ చిల్లర్ కొన్నాను. దాన్ని కిటికీ అవతల వరండాలో పెట్టి పైపులు లాగాను. ఏడాదికి రెండు, మూడు నెలలు నడుస్తుంది.

ఆవిరయ్యేది నీళ్లు, ఉప్పు కాదు. కాబట్టి పోసేది ఆర్‌ఓ మంచినీళ్లు. రోజూ చేత్తో పోయలేం, తగ్గిన నీళ్లను దానంతటదే పోసే ఆటో టాపప్ పెట్టాలి. ఇక్కడ కూడా చెడ్డ రోజునే చూడండి. సెన్సర్ ఇరుక్కుంటే పంపు ఆగదు. అందుకే నా టాపప్ నీళ్ల క్యాను 20 లీటర్లదే, డ్రమ్ము పెట్టలేదు. మొత్తం ఒకేసారి దిగినా ఉప్పు 35 నుంచి 33.4కు వస్తుంది. కోరల్స్ ముడుచుకుంటాయి, చావవు. మే నెలలో మూడు రోజులకోసారి నింపుకుంటాను, ఆ కష్టం పడొచ్చు.

కరెంటు గురించి నన్ను ఆపకపోతే సాయంత్రం దాకా చెప్తాను, కొంచెమే చెప్తాను. రిటర్న్ పంపు, ట్యాంకులో నీళ్లను కదిపే వేవ్‌మేకర్ రెండూ డీసీవి తీసుకోండి. నీళ్లల్లో మునిగిన పంపు తినే ప్రతి వాటూ చివరికి నీళ్లల్లో వేడిగానే మిగులుతుంది, కాబట్టి తక్కువ వాట్ల పంపు అంటే సగం చిల్లర్. కరెంటు పోతే అన్నీ నడపక్కర్లేదు. వేవ్‌మేకర్ ఒక్కటి నీళ్ల పైభాగాన్ని కదిపితే చాలు. నాది 24 వోల్టుల వేవ్‌మేకర్, 20 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి నేరుగా ఇచ్చాను, మధ్యలో రిలే, అంటే కరెంటు పోగానే దానంతటదే బ్యాటరీకి మార్చే స్విచ్. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ మీద పెట్టొచ్చు, కానీ అది స్వయంగా కూడా కరెంటు తింటుంది. పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఏసీ పంపులు గుయ్యిమని మూలుగుతూ వేడెక్కుతాయి. అలా కాలిన కాయిళ్లు నా షాపులో చూపిస్తాను రండి. 12 వోల్టులు 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కదాంట్లో సగమే వాడుకున్నా 900 వాట్ అవర్లు. ఇరవై వాట్లకు ఒకటిన్నర రోజు దాటుతుంది.

ఇంకో రెండు మాటలు, ఇవి ప్రాణానికి సంబంధించినవి. 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, లేకుండా ఉప్పు నీళ్లల్లో చెయ్యి పెట్టకండి. ఎర్తింగ్ ఉందని మిస్త్రీ చెప్తే నమ్మకండి, కొలిపించండి. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడు వైరు వెంట జారిన నీళ్లు కింద చుక్కలుగా పడతాయి, సాకెట్‌లోకి పోవు.

(సభలోంచి: లైట్ల గురించి చెప్పలేదు.)

లైట్ల గురించి మీరందరూ నాకన్నా ఎక్కువ వీడియోలు చూసుంటారు. కోరల్ ఒంట్లో సూక్ష్మమైన పాచి ఉంటుంది, అది వెలుతురుతో తిండి తయారుచేసి కోరల్‌కు పెడుతుంది. సముద్రంలో లోతుకు పోయేకొద్దీ ఎరుపు ముందు మాయమవుతుంది, నీలం మిగులుతుంది, అందుకే నీలం లైటు. రోజుకు 9 గంటలు. నేను చేసిన తప్పు మాత్రం చెప్తాను. కొత్త ఎల్‌ఈడీ కొన్న రోజు ఫుల్లు పెట్టాను, కొత్త బండి కొన్నోడు హైవే ఎక్కినట్టు. వారంలో మష్రూంలు తెల్లబడ్డాయి. ఆ పాచిని కోరల్ బయటికి కక్కేస్తుంది. వేడికి సముద్రంలో జరిగే బ్లీచింగ్ కూడా ఇదే. 25 శాతంతో మొదలుపెట్టి వారానికి అయిదు చొప్పున పెంచండి. మెత్తటి రకాలకు 60 దాటాల్సిన పని నాకు ఇంతవరకు పడలేదు.

పాత ట్యాంకు నుంచి కొత్తదానికి మార్చే రోజు పెళ్లి పనిలా ఉంటుంది, మనుషులు కావాలి. కొత్త ఉప్పు నీళ్లు ఒకరోజు ముందే కలిపి, ఉప్పు, వేడి రెండూ పాతదానికి సమానం చేయండి. రాళ్లు తడి ఆరనీయకండి. పాత ఇసుకను మాత్రం తేకండి, పారేయండి. ఏళ్లుగా దాని అడుగున పేరుకున్నదంతా కదిపితే ఒక్కసారిగా పైకి లేస్తుంది. నేను కొంచెం పిసినారితనం చేసి రెండు బకెట్లు తెచ్చాను. నెలన్నర పాటు ఎర్ర పాచి గీకుతూ కూర్చున్నాను.

టెస్టుల విషయంలో ఒక్కమాట. ఆల్కలినిటీ, అంటే పీహెచ్‌ను నిలబెట్టే శక్తి, 8, 9 డీకేహెచ్ మధ్య, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1,300 పీపీఎం దగ్గర. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా కావాలని మందులు పోసేవాళ్లున్నారు. సున్నా అయితే కోరల్స్ ఆకలితో చిక్కిపోతాయి, డైనోలు అనే జిగట పాచి వచ్చి కూర్చుంటుంది. నైట్రేట్ 5, 10 ఉండనీయండి.

జోయాంథస్ పెంచేవాళ్లు పైలం. కొన్ని రకాల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది, మనుషులను చంపగలిగేంత తీవ్రమైనది. కోసేటప్పుడు చేతి తొడుగు, కళ్లద్దాలు ఉండాలి. అవి అంటుకున్న రాయిని పాచి పోవాలని వేడినీళ్లల్లో ఉడకబెట్టడం అసలు చేయకండి. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలు ఆసుపత్రి పాలైన సంఘటనలు వేరే దేశాల్లో ఉన్నాయి.

(సభలోంచి ఒకామె: చేపలు ఎన్ని వేయొచ్చు? మా బాబు నీలం చేప, ఆ సినిమాలోది, కావాలంటున్నాడు.)

అమ్మా, ఆ నీలం టాంగ్ పెద్దదయ్యాక నా నాలుగడుగుల ట్యాంకు కూడా దానికి ఇరుకే. క్లౌన్ జత తీసుకోండి. మన దగ్గర కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు తమిళనాడులోని మండపం ఊళ్లో, కేరళలోని విళింజంలో వాటిని గుడ్ల నుంచి పెంచే పద్ధతి తయారుచేశారు, కాబట్టి ట్యాంకులో పుట్టినవే అడిగి తీసుకోండి. చిన్నవి రెండు వేస్తే చాలు, జత అదే కుదురుతుంది. క్లౌన్లన్నీ మొదట మగవే. రెండిట్లో పెద్దది ఆడది అవుతుంది, ఇక ఇంటి పెత్తనం దానిదే. మా ఇంట్లో ఇది చెప్పినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. (నవ్వులు) కొత్త చేపను మాత్రం నేరుగా వేయకండి. తెల్ల చుక్కల జబ్బు వస్తే రీఫ్ ట్యాంకులో రాగి మందు వేయలేం, రొయ్యలు, కోరల్స్ చచ్చిపోతాయి. చేపలన్నీ తీసేసి 76 రోజులు ఒట్టిగా ఉంచాల్సి వస్తుంది. దానికన్నా పక్కన చిన్న ట్యాంకులో నెల రోజులు చూసి వేయడం సుఖం.

(సభలోంచి ఒక పెద్దాయన: కాల్షియానికి పాన్ సున్నం వేస్తే సరిపోదా?)

మంచి ప్రశ్న సార్, నేనూ అదే అనుకున్నాను. వాళ్లు కాల్క్‌వాసర్ అనేది సున్నపు తేటే. కానీ డబ్బీ సున్నంలో ఏం కలిసిందో తెలియదు, కాబట్టి శుభ్రమైన కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి తీసుకోవాలి. పీహెచ్ 12 దాటుతుంది, రాత్రిపూట చుక్క చుక్కగా వేయాలి, బకెట్ నింపి కుమ్మరించొద్దు. గాలి తగిలితే సున్నం డబ్బీలో పైన పొర కట్టినట్టే ఇక్కడా పొర కడుతుంది, మూత పెట్టాలి. మెత్తటి కోరల్స్‌కు అదీ పెద్దగా అక్కర్లేదు, వారానికి 40 లీటర్ల నీళ్లు మారిస్తే సరిపోతోంది.

(సభలోంచి: కరెంటు బిల్లు ఎంత వస్తుందన్నా?)

రిటర్న్ 40 వాట్లు, వేవ్‌మేకర్ 20, స్కిమ్మర్ 15, ఈ మూడూ రాత్రింబగళ్లు. లైటు 90 వాట్లు, 9 గంటలు. ఫ్యాన్లు కొంచెం. రోజుకు 2.7 యూనిట్లు, నెలకు 80. చిల్లర్ నడిచే నెలల్లో ఇంకా ఎక్కువ. మీ స్లాబు మారుతుందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే ఇంట్లో టెన్షన్.

ఆఖరుగా, మష్రూం ముక్కలు పన్నెండు తెచ్చాను, తలుపు పక్కన నల్ల బకెట్‌లో ఉన్నాయి. ఆ మే నెలలో మిగిలిన నాలుగింటి పిల్లలే. డబ్బులు వద్దు. అమోనియా, నైట్రైట్ టెస్టు ఫోటో చూపించినవాళ్లకే ఇస్తాను. చూపించలేనివాళ్లు ఆరు వారాలాగి షాపుకు రండి, అప్పటికి ఇంకో నాలుగు మొలుస్తాయి.